సీజన్ మధ్యలో పిలిస్తే వచ్చే మనిషి: ఖాలిద్ జమీల్ గురించి

(2025 సెప్టెంబర్‌లో విశాఖపట్నం ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో కొందరు పీఈటీలు, కుర్ర కోచ్‌ల ముందు ఒక రిటైర్డ్ ఫిజికల్ డైరెక్టర్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

నమస్కారమండీ అందరికీ. వెనక వినిపిస్తోందా? ఆ గోడకి ఆనుకుని నిలబడ్డ కుర్రాళ్ళూ, ముందుకి రండి బాబూ, ముందు వరసలన్నీ ఖాళీగానే ఉన్నాయి. మధురవాడలో వన్డే మ్యాచ్ కాదు కదా ఇది, సీటు దొరకదేమోనని టెన్షన్ పడడానికి. ఫుట్‌బాల్ గురించి మాట్లాడతామంటే ఈ ఊళ్ళో ఇంతమంది రావడమే ఎక్కువ, నాకు ఇదే సంతోషం.

సరే, విషయానికి వస్తాను. ఆగస్టు 1న ఆల్ ఇండియా ఫుట్‌బాల్ ఫెడరేషన్ మన జాతీయ జట్టుకి కొత్త కోచ్‌ని ప్రకటించింది. ఖాలిద్ జమీల్. వయసు 48. మొత్తం 170 మంది దరఖాస్తు పెట్టుకుంటే, ఐ.ఎం. విజయన్ పెద్దగా ఉన్న టెక్నికల్ కమిటీ వడపోసి వడపోసి ముగ్గురిని మిగిల్చింది. ఒకాయన స్టీఫెన్ కాన్‌స్టంటైన్, ఇంతకుముందు రెండుసార్లు మన జట్టుని నడిపినాయనే. ఇంకొకాయన స్టెఫాన్ టార్కోవిచ్, స్లొవేకియా జాతీయ జట్టుకి కోచ్‌గా చేసినాయన. మూడో పేరు ఖాలిద్. చివరికి ఈయనకి ఇచ్చారు. 2012లో సావియో మెదీరా దిగిపోయాక మన దేశం మనిషి ఆ కుర్చీలో కూర్చోవడం ఇదే మొదలు. పదమూడేళ్ళు! మధ్యలో ఎవరెవరు వచ్చారు? డచ్ ఆయన కూవర్మాన్స్, తర్వాత కాన్‌స్టంటైన్, తర్వాత క్రొయేషియా నుంచి స్టిమాచ్, తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్.

ఆ వార్త వచ్చిన రోజు నా ఫోన్ ఆగలేదు. గ్రూపుల నిండా ‘మనవాడు, మనవాడు’ అని. సంతోషమే, నాకూ సంతోషమే. కానీ నేను అడిగేది ఒకటి, మనవాడు అన్న ఒక్క కారణానికి సంబరపడితే రేపు ఓడిపోయినప్పుడు ఏం చేస్తాం? ఆ ఒక్క కారణానికే తిడతాం. ‘చూశావా, మనవాళ్ళకి ఇస్తే ఇంతే’ అంటాం. అందుకని ఈ సాయంత్రం మనవాడు, పరాయివాడు అన్న లెక్క పక్కన పెట్టి, ఈ మనిషి ఏ దారిలో నడిచి అక్కడిదాకా వెళ్ళాడో చూద్దాం. ఆ దారిలో ఆయన బలం కనిపిస్తుంది, ఆయన మీద నాకున్న అనుమానం కూడా కనిపిస్తుంది. రెండూ చెప్తాను.

పుట్టింది 1977లో, కువైట్‌లో. తల్లిదండ్రులు భారతీయులే. 1990లో ఇరాక్ కువైట్ మీద పడింది, ఇక్కడున్న పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, మన గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి అక్కడికి పనికి వెళ్ళినవాళ్ళు ఎంతమంది కట్టుబట్టలతో తిరిగొచ్చారో. ఆ యుద్ధమే ఈ కుటుంబాన్ని కూడా ఇండియాకి పంపించింది. పధ్నాలుగేళ్ళ పిల్లవాడికి ముంబయి కొత్త, బడి కొత్త, అన్నీ కొత్తే. పాతది ఒక్క బంతి.

ఆడిన జట్లు చూడండి. మహీంద్రా, ఎయిర్ ఇండియా, చివర్లో ముంబయి ఎఫ్‌సీ. మొదటి రెండూ కంపెనీ జట్లు. ఇది మన ఊరికి వేరే చెప్పక్కర్లేదు. రైల్వే, పోర్టు, నేవీ, స్టీల్ ప్లాంటు, ఈ ఊళ్ళో బంతి తన్నినవాడెవడైనా ఏదో ఒక ఆఫీసు జట్టుని మనసులో పెట్టుకునే తన్నాడు. ఆట బాగుంటే ఉద్యోగం, ఉద్యోగం ఉంటే పెళ్ళి. నవ్వకండి, నిజమే కదా? ఖాలిద్ ఆడిన కాలం కూడా అలాంటిదే. మిడ్‌ఫీల్డర్‌గా దేశానికి కూడా ఆడాడు. కోల్‌కతా పెద్ద క్లబ్బులు రెండూ, అంటే ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్, పిలిచినా, వాటికి మద్యం కంపెనీల స్పాన్సర్‌షిప్ ఉందని వెళ్ళలేదని పత్రికల్లో వచ్చింది. ఆ రెండు క్లబ్బులకీ తర్వాత కోచ్‌గా వెళ్ళాడనుకోండి, అది వేరే సంగతి. ఆటగాడిగా గాయాలు వదల్లేదు. అందుకే ముప్ఫై రెండేళ్ళకే ఆట మానేశాడు. మానేసిన ఏడాదే, 2009లో, అదే ముంబయి ఎఫ్‌సీకి కోచ్ అయ్యాడు.

ఇక్కడ కాస్త ఆగుదాం. ముంబయి ఎఫ్‌సీలో ఏడేళ్ళు. ఆ ఏడేళ్ళలో ఎన్ని ట్రోఫీలు? ఒక్కటీ లేదు. మరి ఏం చేశాడు? కింది డివిజన్‌కి పడిపోకుండా నిలబెట్టాడు. అప్పటి జాతీయ లీగ్ అయిన ఐ-లీగ్‌లో ఏటా అదే యుద్ధం. డబ్బున్న జట్టు కాదు, పేరున్న ఆటగాళ్ళు లేరు, గోవా వాళ్ళూ కోల్‌కతా వాళ్ళూ వస్తే జనం వాళ్ళనే చూడ్డానికి వచ్చేవారు. ప్రతి సీజన్ చివర్లో పట్టికలో కింద నుంచి చూసుకోవాలి మన పేరు ఎక్కడుందో. అయినా పడలేదు. 2016లో ఈయన వెళ్ళిపోయాడు. ఆ తర్వాతి సీజన్‌లోనే ముంబయి ఎఫ్‌సీ కిందికి పడిపోయింది, కొన్నాళ్ళకి క్లబ్బే లేకుండా పోయింది. ఏడేళ్ళు ఆయన చేసిన పనేమిటో ఆ ఒక్క సీజన్ చెప్పేసింది.

ఇప్పుడు ఐజోల్. ఇది అందరికీ తెలిసిన కథే కానీ తెలిసిన కథలో కూడా మనం కొన్ని చూడం.

ఐజోల్ ఎఫ్‌సీ 2015-16లో ఐ-లీగ్ నుంచి కిందికి పడిపోయిన జట్టు. గోవా క్లబ్బులు లీగ్ నుంచి తప్పుకోవడంతో జాగా ఖాళీ అయి, వీళ్ళని మళ్ళీ లోపలికి రానిచ్చారు. అంటే ఏమిటి? తలుపు దగ్గరదాకా గెంటేసినవాడిని ‘సర్లే, కూర్చో’ అన్నట్టు. అలాంటి జట్టుకి, ముంబయి నుంచి వదిలేయబడ్డ కోచ్. తనతోపాటు ముంబయి ఎఫ్‌సీలో తన దగ్గర ఆడిన అశుతోష్ మెహతాని, జయేష్ రాణేని తీసుకెళ్ళాడు. సిరియా నుంచి వచ్చిన మహ్మూద్ అల్ అమ్నా మధ్యలో ఆట నడిపాడు, లైబీరియా నుంచి ఆల్ఫ్రెడ్ జార్యన్ ముందు అడ్డం పడ్డాడు, గోల్‌లో అల్బినో గోమ్స్. మిగతా అంతా మిజో కుర్రాళ్ళు.

2017 ఏప్రిల్ 22న మోహన్ బగాన్ ఐజోల్‌కి వచ్చింది. ఆఖరి మ్యాచ్‌కి ముందు మ్యాచ్ అది. 83వ నిమిషంలో జోమింగ్లియానా రాల్టే తలతో కొట్టాడు, 1-0. ఆ తర్వాత ఏప్రిల్ 30న షిల్లాంగ్‌లో అక్కడి క్లబ్ లాజాంగ్‌తో. డ్రా చాలు. కానీ తొమ్మిదో నిమిషానికే లాజాంగ్ గోల్ కొట్టింది. ఆ మ్యాచ్ చూసినవాళ్ళున్నారా ఇక్కడ? ఒక్కరూ లేరా! సరే. 67వ నిమిషంలో లాల్‌నున్‌ఫెలా సమం చేశాడు, 1-1. ఐజోల్‌కి 37 పాయింట్లు, మోహన్ బగాన్‌కి 36. ఒక్క పాయింటు తేడాతో ఛాంపియన్లు. ఈశాన్య రాష్ట్రాల నుంచి జాతీయ లీగ్ గెలిచిన మొదటి క్లబ్ అది.

ఒక లెక్క చెప్తాను వినండి. 2011 జనాభా లెక్కల్లో మిజోరం రాష్ట్రం మొత్తం కలిపి 11 లక్షల లోపే. రాష్ట్రం మొత్తం! మన విశాఖ నగరం ఒక్కటే అంతకంటే పెద్దది. మనకి సముద్రం పక్కన ఇసక ఉంది, యూనివర్సిటీ గ్రౌండ్లున్నాయి, ఇన్ని పెద్ద సంస్థలున్నాయి. జాతీయ లీగ్‌లో ఆడే జట్టు మాత్రం లేదు. ఎందుకు లేదో నన్నడగకండి, చెప్పడం మొదలుపెడితే ఈ మీటింగ్ రేపటిదాకా సాగుతుంది, నిర్వాహకులు ఇప్పటికే వాచీ చూస్తున్నారు.

ఐజోల్ గెలిచాక ఏమైంది? ఈస్ట్ బెంగాల్ పిలిచింది. పెద్ద క్లబ్, పెద్ద జీతం, లక్షల్లో అభిమానులు. 2017-18లో లీగ్‌లో నాలుగో స్థానం. సూపర్ కప్ ఫైనల్‌దాకా వెళ్ళి బెంగళూరు చేతిలో 4-1తో ఓడిపోయారు. అంతే, ఏడాదికే బయటికి. తర్వాత 2019 జనవరిలో మోహన్ బగాన్, అదీ సీజన్ మధ్యలో, వేరే కోచ్ దిగిపోయాక. సీజన్ అయిపోయింది, ఈయనా అయిపోయాడు.

అంటే ఛాంపియన్ కోచ్ రెండేళ్ళు తిరక్కుండానే ఖాళీ. మనలో ఎవరైనా అయితే ఏం చేస్తాం? ‘నేను లీగ్ గెలిచినవాణ్ణి, నాకు హెడ్ కోచ్ పోస్టే కావాలి’ అని ఇంట్లో కూర్చుంటాం. ఈయన నార్త్‌ఈస్ట్ యునైటెడ్‌కి వెళ్ళి, హెడ్ కోచ్ కింద రెండో మనిషిగా చేరి, అకాడమీ పిల్లల పని కూడా చూసుకున్నాడు. ఆ జట్టు ఆడే ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, అప్పటికి ఒక అలవాటు, పైన విదేశీ కోచ్ ఉండాలి, కింద బంతులు సర్దడానికి, హిందీలో అరవడానికి మనవాడు ఒకడుండాలి. కొంచెం ఘాటుగా చెప్తున్నాను కానీ అబద్ధం కాదు.

2020 ఫిబ్రవరిలో అక్కడ కోచ్ రాబర్ట్ యార్ని పదవి నుంచి దిగిపోయాడు, మిగిలిన మ్యాచ్‌లకి ఈయన్ని నిలబెట్టారు. కొత్త సీజన్‌కి మళ్ళీ కొత్త విదేశీ కోచ్, ఈయన మళ్ళీ వెనక్కి. 2021 జనవరిలో ఆ కోచ్ జెరార్డ్ నుస్ కూడా దిగిపోయాడు. కోవిడ్ రోజులు, లీగ్ అంతా గోవాలోనే, హోటల్ గదుల్లో బందీలుగా ఉన్నారు ఆటగాళ్ళు. మళ్ళీ ఖాలిద్‌ని పిలిచారు. పెళ్ళి భోజనాలు సగం వడ్డించాక వంటవాడు పారిపోతే పక్క వీధిలోంచి పిలుచుకొచ్చే వంటవాడు ఉంటాడు చూడండి, సరుకులు తను తేలేదు, మెనూ తను రాయలేదు, కానీ సాంబారు చాలకపోతే తిట్లు మాత్రం తనకే. అలాంటి పని ఇది. ఆయన ఏం చేశాడు? లీగ్ దశలో మిగిలిన మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడలేదు. ఒక్కటీ! జట్టు మూడో స్థానంలో నిలిచి సెమీఫైనల్‌కి వెళ్ళింది. ఐఎస్ఎల్ జట్టుని ప్లేఆఫ్స్‌కి తీసుకెళ్ళిన మొదటి భారతీయ కోచ్. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్‌తో మొదటిది 1-1, రెండోది 1-2, అక్కడ ఆగారు.

ఆ ఏడాది అక్టోబర్‌లో అసలు పోస్టు ఇచ్చారు, తాత్కాలికం కాకుండా. ఐఎస్ఎల్‌లో పూర్తిస్థాయి హెడ్ కోచ్ అయిన మొదటి భారతీయుడు. మరి ఆ సీజన్ ఎలా పోయింది? 11 జట్లలో 10వ స్థానం.

ఇది దాచకూడదు. కథ అందంగా రావాలని చాలామంది ఈ వాక్యం మింగేస్తారు. పదో స్థానం. తర్వాత మళ్ళీ కిందికి, 2023లో బెంగళూరు యునైటెడ్ అని రెండో డివిజన్ జట్టు. లీగ్ ఛాంపియన్, ఐఎస్ఎల్ హెడ్ కోచ్, రెండో డివిజన్‌లో! మెట్లు ఎక్కడమే కాదు, దిగడం కూడా ఉంది ఈ దారిలో.

అక్కడి నుంచి 2023 డిసెంబర్ ఆఖర్లో ఐఎస్ఎల్ జట్టు జంషెడ్‌పూర్. మళ్ళీ ఏమిటి? సీజన్ మధ్యలోనే, మళ్ళీ ఇంకొకాయన దిగిపోయాక. 2024-25 ఆయనకి మొదట్నుంచీ చేతికి వచ్చిన సీజన్. లీగ్‌లో ఐదో స్థానం, ప్లేఆఫ్‌లో తన పాత జట్టు నార్త్‌ఈస్ట్‌నే షిల్లాంగ్‌లో 2-0తో పంపించేసి సెమీస్‌కి. అక్కడ మోహన్ బగాన్‌ని జంషెడ్‌పూర్‌లో 2-1తో ఓడించారు. కోల్‌కతాలో రెండో మ్యాచ్, ఇంజురీ టైం నాలుగో నిమిషంలో మోహన్ బగాన్ ఆటగాడు అపూయా దూరం నుంచి కొట్టాడు, వాళ్ళకి 2-0. అయిపోయింది. ఆ తర్వాత సూపర్ కప్ ఫైనల్‌లో గోవా చేతిలో 3-0. ఫెడరేషన్ వరసగా రెండేళ్ళు ఉత్తమ కోచ్ అవార్డు ఇచ్చింది.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాట. ఐజోల్, నార్త్‌ఈస్ట్, జంషెడ్‌పూర్, ఈ మూడూ కలిపి చూడండి. వీళ్ళెవరూ ఎక్కువసేపు బంతి పట్టుకుని ఆడిన జట్లు కాదు. బంతి అవతలివాళ్ళ దగ్గర ఉన్నప్పుడు ఎవరు ఎక్కడ నిలబడాలి, కార్నర్‌కి ఎవరు ఎవర్ని పట్టుకోవాలి, పొడుగు బంతి పడ్డాక రెండో బంతికి ఎవరు పరిగెత్తాలి, ఇవి నేర్పిన జట్లు. తక్కువ సరుకుతో, తక్కువ టైంలో నేర్పగలిగేవి అవే. జాతీయ జట్టు కోచ్‌కి ఉండేది ఏమిటి? తక్కువ టైం, ఇచ్చిన సరుకు. ఆటగాళ్ళని కొనలేడు. ఏడాదిలో చేతికొచ్చేది కొన్ని వారాలు. క్లబ్బులు పంపకపోతే అదీ లేదు, మొన్న ఆగస్టు క్యాంపుకి మోహన్ బగాన్ తన ఆటగాళ్ళని వదల్లేదు కదా! పైగా ఐఎస్ఎల్ ఎప్పుడు మొదలవుతుందో, అసలు అవుతుందో లేదో తేలలేదు. ఇలాంటి స్థితిలో, సీజన్ మధ్యలో పిలిస్తే వచ్చి జట్టుని నిలబెట్టడం పదహారేళ్ళుగా సాధన చేసిన మనిషి కంటే సరిపోయేవాడు ఎవడున్నాడు?

దానికి రుజువు కూడా వెంటనే వచ్చింది. ఆగస్టు 29న కాఫా నేషన్స్ కప్ అనే మధ్య ఆసియా దేశాల టోర్నీలో, తజికిస్తాన్‌ని వాళ్ళ దేశంలోనే 2-1తో కొట్టాం. మొదటి గోల్ ఎలా వచ్చింది? ఉవైస్ అని, జంషెడ్‌పూర్‌లో ఖాలిద్ దగ్గరే ఆడినవాడు, దేశానికి అదే మొదటి మ్యాచ్, పొడుగాటి త్రో విసిరాడు, అన్వర్ అలీ తల పెట్టాడు. రెండోది సందేశ్ ఝింగన్. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ పెనాల్టీ ఆపాడు. మన జట్టులో అందరికంటే పెద్ద పేరున్న సునీల్ ఛెత్రీని పిలవలేదు ఈ టోర్నీకి, అది కూడా గమనించండి, కొత్తగా వచ్చినవాడికి ఆ నిర్ణయం అంత తేలిక కాదు. తర్వాత ఇరాన్‌తో మొదటి సగం గోల్ ఇవ్వలేదు, చివరికి 3-0తో ఓడాం. మూడో స్థానం కోసం ఒమన్‌తో 1-1, పెనాల్టీల్లో 3-2. ఒమన్‌ని అంతకుముందు మనం ఎప్పుడూ దాటలేదు.

మరి అనుమానం ఏమిటన్నాను కదా. ఇరాన్, ఒమన్ మ్యాచ్‌ల మధ్య ఇంకో మ్యాచ్ ఉంది, ఎవరూ మాట్లాడుకోనిది. అఫ్గానిస్తాన్‌తో 0-0. బంతి మన దగ్గరే ఉంది, గెలవాల్సింది మనమే, ఎదుటివాడు వెనక్కి వెళ్ళి తలుపులేసుకున్నాడు, మనకి తెరవడం రాలేదు. ఈస్ట్ బెంగాల్‌లో ఏడాదికే ఎందుకు బయటికి వచ్చాడు? అక్కడ గెలవడం అనేది ఆశ కాదు, డ్యూటీ. బలహీనుడిగా ఆడినప్పుడు ఖాలిద్ గొప్ప కోచ్. బలవంతుడిగా ఆడాల్సి వచ్చినప్పుడు ఏమిటో, మనం ఇంకా చూడాలి. నా అభిప్రాయం ఇది, మీరు ఒప్పుకోకపోవచ్చు. ఇదిగో ముందు వరసలో మాస్టారు అప్పుడే తల అడ్డంగా ఊపుతున్నారు.

రహీం సాబ్ గురించి చెప్పకుండా దిగితే నన్ను ఇంటికి వెళ్ళనివ్వరు ఇక్కడి పెద్దలు. సయ్యద్ అబ్దుల్ రహీం, హైదరాబాద్ బడిపంతులు, మన జాతీయ జట్టుకి ఒకప్పటి కోచ్. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తాలో మళ్ళీ స్వర్ణం, ఫైనల్‌లో దక్షిణ కొరియా మీద 2-1. తలకి కుట్లు పడ్డ డిఫెండర్ జర్నైల్ సింగ్‌ని ఆ ఫైనల్‌లో ఫార్వర్డ్‌గా దించాడు, అతనే ఒక గోల్ కొట్టాడు. అప్పటికే ఒంట్లో క్యాన్సర్, మరుసటి ఏడాది జూన్‌లో పోయాడు. అయితే ఆయనకి ఉన్నది ఖాలిద్‌కి లేదు. రహీం సాబ్‌కి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఉండేది, 1950 నుంచి 54 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన జట్టు. తను పెంచిన పిల్లలనే దేశం జట్టులో పెట్టుకున్నాడు. ఖాలిద్‌కి అలాంటి ఇల్లు ఏదీ? ప్రతిచోటా అద్దెకే ఉన్నాడు. ‘రహీం సాబ్ చేశాడు, ఈయనెందుకు చేయలేడు’ అని పోల్చేవాళ్ళు ఈ తేడా చూడాలి.

ఇక్కడ పీఈటీలున్నారు, డీ లైసెన్స్ చేసిన కుర్రాళ్ళు కొందరు చేతులెత్తారు ఇందాక. డీ తర్వాత సీ, బీ, ఏ, ఆ పైన ప్రో లైసెన్స్. ఖాలిద్ దగ్గర ప్రో ఉంది, అది లేకపోతే ఆయన పేరు ఆ ముగ్గురిలో ఉండేదే కాదు. ఖర్చు అవుతుంది, సెలవు దొరకదు, కోర్సు వేరే రాష్ట్రంలో పడుతుంది, ఇవన్నీ నాకు తెలుసు. హెడ్మాస్టర్లు ‘ముందు స్పోర్ట్స్ డే చూడండి మాస్టారూ’ అంటారు, అదీ తెలుసు. బీ దాకా వెళ్ళదలుచుకున్నవాళ్ళు మీటింగ్ అయ్యాక ఆ తలుపు దగ్గర నన్ను కలవండి, కలిసి దరఖాస్తు పెడదాం, విడివిడిగా పెడితే ఎవరూ కదలరు.

ఇక ముందున్నది. 2027 ఆసియా కప్ క్వాలిఫయర్స్‌లో మన గ్రూపులో రెండేసి మ్యాచ్‌లు అయ్యేసరికి హాంకాంగ్‌కి 4, సింగపూర్‌కి 4, మనకి 1, బంగ్లాదేశ్‌కి 1. గ్రూపులో మొదటి జట్టు ఒక్కటే వెళ్తుంది. ఆ ఒక్క పాయింటూ మార్కెజ్ ఉన్నప్పటిది, బంగ్లాదేశ్‌తో షిల్లాంగ్‌లో 0-0, ఆ తర్వాత హాంకాంగ్‌లో 0-1. అంటే ఇక్కడ కూడా ఖాలిద్‌కి సగం అయిపోయిన సీజనే ఇచ్చారు. అక్టోబర్ 9న సింగపూర్‌లో ఆట, 14న మన దేశంలో మళ్ళీ వాళ్ళతోనే. సింగపూర్ వెనక్కి వెళ్ళి కూర్చుంటుందా, ముందుకొచ్చి ఆడుతుందా అన్నదాని మీదే నా అనుమానం తేలుతుంది. రెండు మ్యాచ్‌లూ చూడండి, స్కోరు కాదు, మన దగ్గర బంతి ఉన్నప్పుడు మనవాళ్ళు ఏం చేస్తున్నారో చూడండి.

ఇంక ప్రశ్నలు అడగండి. మాస్టారూ, మీరే మొదలుపెట్టండి, ఇందాకట్నుంచి తల ఊపుతున్నారు.